గంజి పోసిన కుంట

జ్యేష్ఠ మాసం, మృగశిర కార్తెకు ముందు రోజు. వారం గుర్తు లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. గాలి లేదు.

ఉన్నవారు: నాయనమ్మ, నాయిన, అమ్మ, నేను. కుంటలో మాతో పొత్తున్న వల మామ, అతని భార్య. పక్క మల్లెతోట తాత, అతని రెండు ఎడ్లు.

పేజీ పైన తేదీ, దాని కింద ఎవరెవరు ఉన్నారన్నది రాయనిదే నాకు కలం సాగదు. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలైన అలవాటు, విరమించాక కూడా పోలేదు. పైన రాసిన రోజు మాత్రం నా డైరీల్లో ఎక్కడా లేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఇప్పుడు దాన్ని రాసి పెట్టాలనిపించడానికి కారణం మా అపార్టుమెంటు సెల్లారు. కొన్నాళ్లుగా అందులో నీళ్లు ఊరుతున్నాయి. మోటారు పెట్టి తోడిస్తే తెల్లారేసరికి మళ్లీ పాదాలు మునుగుతున్నాయి. పైపు పగిలిందని ఒకరు, పక్క హోటలు వాళ్ల మురుగు అని ఒకరు మీటింగులో వాదించుకున్నారు. నేను కిందికి దిగి వాసన చూశాను. అది పైపు నీళ్లదీ కాదు, మురుగుదీ కాదు. నల్లమట్టి మీద చాలాకాలం నిలిచిన నీళ్లది. ఇక్కడ కుంట ఉండేదని చెప్పాను. సెక్రటరీ మర్యాదగా తల ఊపి, ప్లంబరుకు ఫోను చేశాడు.

అప్పట్లో అమీర్‌పేట అంటే కొన్ని నవాబుల దేవిడీలు, తోటలు, మావంటి వాళ్ల మట్టిగోడల ఇళ్లు. పంజగుట్ట వైపు రాళ్లూ తుమ్మలూ. ఇటు బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయే బండ్ల బాట. మాది నేతపని. తాత కాలంలో ఊరు విడిచి వచ్చి ఇక్కడ గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే గుంత మగ్గాలు వేసుకున్నాం. మా వాడలో పొద్దున్నే వినబడే చప్పుడు మగ్గాలదే. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక నూలు రావడం తగ్గి, ఆ చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. మగవాళ్లు బేగంపేటలో విమానాలు దిగే మైదానానికి మట్టి మోయడానికి పోయేవారు. ఆ పనీ లేనప్పుడు షోలాపూర్ మిల్లులకు పోయేవారు.

షోలాపూర్ అన్న మాట అంటే నాకు భయం. ఎదురింటాయన అక్కడికే పోయాడు. మొదట్లో కార్డులు వచ్చేవి. తర్వాత అవీ రాలేదు. ఆ ఇంటి పిల్ల నాతో గోటీలు ఆడుతూ మధ్యలో లేచి, బాటలో ఏ టాంగా చప్పుడు వినబడినా చూసి వచ్చేది.

మా ఇళ్ల వెనక కుంట ఒక దేవిడీ వాళ్లది. పెద్ద చేప ముందుగా తమ వంటింటికి పంపితే చాలన్నారు. వల మామ, మా నాయిన కలిసి అందులో చేపలు పెంచడం మొదలుపెట్టారు. మామ ఇంటి ముందు ఎప్పుడూ వలలు ఆరేసి ఉండేవి కాబట్టి పిల్లలం అలా పిలిచేవాళ్లం. వానలు పడి పెద్ద చెరువు అలుగు పారినప్పుడు కాలువలోకి ఎదురీదే చేపపిల్లలను పట్టాలి. వల కన్నాలు వాటికి పెద్దవి. అందుకని మా నాయిన పలచగా, జల్లెడలా ఒక గుడ్డ నేశాడు. దాని చెరో అంచు పట్టుకుని ఇద్దరూ కాలువలో నడిచేవారు. నీళ్లు జారిపోయి గుడ్డలో గోరంత పిల్లలు మిలమిలమనేవి. కుండల్లో పోసి కావడి మీద తెచ్చేటప్పుడు మామ దారి పొడవునా భుజం ఊపుతూ నడిచేవాడు. నీళ్లు తొణికిపోతున్నాయని నేనంటే, కదలని నీళ్లలో వాటికి ఊపిరాడదని చెప్పాడు.

పెంచింది మాత్రం మా నాయనమ్మ. ఆమె చేప ముట్టదు. మెడలో తులసి పూసలు. చేపలకూర వండితే పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండాలి, ఆ గిన్నె ఇంట్లోకి రాకూడదు. అయినా గాలికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మెంతిపొడి ఎప్పుడు వెయ్యాలో, మామిడికాయ ముక్కలు ఎన్ని వెయ్యాలో అమ్మకు చెప్పేది. నోట పెట్టనిదానికి ఇన్ని వంకలేందని అమ్మ గొణిగేది. చేపలకు పొద్దునా సాయంత్రం కుడితి, తవుడు, పల్లిచెక్క, పడుగుకు పెట్టగా మిగిలిన గంజి ఆమే మోసుకుపోయేది. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలు. దాన్ని వీధిలో బారుగా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెడితేనే నేతకు తట్టుకుంటుంది. ఆ గంజి పుల్లటి వాసన మా వాడ వాసన. నేను దారిలో కుండలో ఇంత బెల్లం వేసుకుని రెండు గుక్కలు తాగేదాన్ని. నాయనమ్మ చూసి, చేపల నోటికాడి కూడు తాగుతున్నానని అందరికీ చెప్పి నవ్వేది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాట ఒకటే. మృగశిర రోజున పట్నంలో చేప కొననివాడు ఉండడు. ఆ ఒక్క రోజు కుంట బాగా ఇస్తే, నూలు మళ్లీ దొరికేదాకా ఇల్లు గడుస్తుంది, నాయిన ఇక్కడే ఉంటాడు. ఇవ్వకపోతే అదే రోజు వాడకట్టు మగవాళ్లతో కలిసి షోలాపూర్ బండి ఎక్కుతాడు. మూట కట్టి చూరు కింద పెట్టారు. అమ్మ రోజూ ఊడ్చేటప్పుడు దాన్ని చీపురు తగలకుండా తప్పించి ఊడ్చేది.

అలాంటప్పుడు, చాలా నెలల తర్వాత, సర్కారు రేషనులో మా వంతు నూలు వచ్చింది. ఒక్క పడుగుకు సరిపడా. దాన్ని నేసి బట్ట చూపిస్తేనే మళ్లీ నూలిస్తారు. అయినా వాడంతా పండగలా అయింది. అందరికీ కొద్దికొద్దిగా వచ్చింది కాబట్టి ఒకే పొద్దున వీధి పొడవునా పడుగులు చాపారు. ఆడవాళ్లు కొత్తచీరలు కట్టుకున్నట్టు మొహాలు పెట్టుకుని కుంచెలు పట్టారు. అమ్మ సర్వపిండి కాల్చింది. సాయంత్రానికి ఇంటింటా గంజి కుండలు మిగిలాయి. ఇన్నాళ్లూ చేపలకు చేతినిండా పెట్టలేదని నాయనమ్మకు బాధ. ఎల్లుండి అమ్ముడుపోయేవే కదా, కడుపునిండా తినిపోనీ అంది. వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి అన్ని కుండలూ కుంటలో పోయించింది. ఎండలకు కుంట సగానికి ఇంకి ఉంది. మామ ఆ పూట ఇంట్లో లేడు, వలకు సీసపు గుళ్లు కట్టించడానికి పోయాడు.

మరునాడు తెల్లవారుతుండగా బిందె తీసుకుని పోయింది నేనే. కుంట నిండా చేపలు. ఎప్పుడూ వీపు కూడా చూపని పెద్ద బొచ్చెలు, రవ్వలు, అన్నీ నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. చప్పరిస్తున్నట్టు సన్నటి చప్పుడు కుంటంతా. ఇంకా కావాలని అడుగుతున్నాయనుకుని, పరుగెత్తిపోయి నాయనమ్మకు చెప్పాను. ఆమె సంతోషంగా అడుగున మిగిలిన గంజి కుండ ఎత్తుకుని వచ్చింది. వంగి పోయబోతుండగా అవతలి గట్టు మీద మామ కనబడ్డాడు.

"ఆ కుండ కింద పెట్టు అవ్వా. గవి ఆకలికి రాలే. ఊపిరాడక వచ్చినయి."

నాయనమ్మ కుండ కింద పెట్టలేదు. చంకలో అలాగే పట్టుకుని నిలబడింది. మామ దోసిట్లో నీళ్లు తీసి వాసన చూసి పారబోశాడు. గంజి పులిసి కుంట పాడైందని, పైన మబ్బు ఉండి గాలి లేకపోవడంతో ఇంకా బిగిసిందని మా నాయినకు చెప్పాడు. నాయిన గట్టు మీద గొంతు కూర్చున్నాడు.

తర్వాత వల తెమ్మన్నాడు. ఉన్నకాడికి పట్టి అమ్ముదామన్నాడు. మామ కదలలేదు. ఇప్పుడు వల లాగితే అడుగు బురద లేచి, బతికినవి కూడా పోతాయన్నాడు. పట్టినవి ఈ రోజు కొనేవాడు లేడు, రేపటికి ఎండకు నిలవవు. అన్నిటికన్నా ముఖ్యం, మృగశిర నాడు తెల్లవారి గట్టు మీద గంగమ్మకు కల్లు ధారగా శాక పోసేదాకా వాళ్లింట్లో వల నీళ్లకు తగలదు. అది వాళ్ల తాతల నాటి కట్టు.

"రేపు నువ్వు శాక పోసే యాల్లకు నీ గంగమ్మకు చచ్చిన చేపలే చూపిస్తవు బావా," అన్నాడు నాయిన.

"బతికినవి చూపిద్దాం. ఇయ్యాల నీళ్లు ఆగనియ్యొద్దు. రేపు తెల్లారుజాము గండం గడిస్తే మనయి."

పొద్దెక్కుతూనే పని మొదలైంది. మామ భార్య తంగేడు కొమ్మలు విరిచి అందరికీ పంచింది. నడుములోతు నీళ్లలో వరసగా నిలబడి కొమ్మలతో నీళ్లు కొట్టాలి. నురుగు రావాలి, ఆగకూడదు. నాకు ఒక తట్ట ఇచ్చి, నీళ్లు ఎత్తి తలకన్నా పై నుంచి పొయ్యమన్నారు. నాయిన మోకాలిలోతులోనే ఆగితే మామ భార్య ఊరుకోలేదు.

"మగ్గం గుంతల కాళ్లు పెట్టుడు గాదు అన్నా. నడుముల దాక దిగు, చేపలేం కరవవు."

ఆ ఒక్క మాటకు అమ్మ నవ్వింది. ఆ రోజు ఎవరైనా నవ్వింది అప్పుడే.

నీళ్లు కొడితే చాలదు, కొత్త నీళ్లు రావాలన్నాడు మామ. పక్కన మల్లెతోట తాత బావి ఉంది, ఎడ్లతో నీళ్లు తోడే మోట ఉంది. ఆ తాత పిసినారి, మాట పెళుసు. మేం మల్లెమొగ్గలు దొంగిలిస్తామని ఎప్పుడూ కర్రతో తిరిగేవాడు. నాయిన పోయి అడిగితే, ఎండకు తన మొక్కలే వాడుతున్నాయని, చేపలకు తాగనీకె నీళ్లు కావాలని అడిగినవాడిని ఇప్పుడే చూస్తున్నానని అన్నాడు. అంటూనే గట్టు మీదికి వచ్చి చూశాడు. ఆ తెరిచిన నోళ్ల వైపు చాలాసేపు చూసి, వెళ్లి ఎడ్లను మోటకు కట్టాడు. తోట కాలువకు గండి కొట్టి కుంట వైపు మళ్లించాం. మామ గట్టు అంచున ఒక బండ పెట్టించాడు, నీళ్లు ఎత్తు నుంచి దాని మీద పడి చెదిరేటట్టు.

ఎడ్లు ముందుకు పోతే తోలుసంచి పైకి వచ్చి భళ్లున ఒంపేది. వెనక్కి వస్తే లోపలికి దిగేది. బండ చుట్టూ ఉన్న చేపలు మెల్లగా నోళ్లు మూసి కిందికి దిగడం నేను చూశాను. దూరంగా ఉన్నవి అలాగే తేలుతున్నాయి. మధ్యాహ్నానికి కొన్ని బొచ్చెలు వెల్లకిలా పడ్డాయి. వాటిని అమ్మ బుట్టలో వేసి, పైన ఆకులు కప్పింది. నాయిన చూడకూడదని కాబోలు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. తట్ట కింద పెడితే మామ నా వైపు చూస్తాడు. మళ్లీ ఎత్తేదాన్ని. ఒక్కో తట్టకూ చూరు కింది మూట కళ్ల ముందుకు వచ్చేది.

పొద్దు వాలుతుండగా మోకు తెగింది. మోట సంచిని లాగే లావుపాటి తాడు అది. పాతది, బావి అంచున రాపిడికి పుచ్చిపోయింది. తాత ముడివేశాడు. ముడి గిలక దగ్గర ఇరుక్కుని సంచి మధ్యలో నిలిచిపోయింది. ఎడ్లను అదిలిస్తే ముడి పక్కనే మళ్లీ తెగింది. ఇళ్లలో చేదతాళ్లు ఉన్నాయి. కానీ అవి పొట్టివి, జత కలిపితే ముళ్లే, ముడి ఉన్నది గిలక మీద నడవదు. కొత్త మోకు కావాలంటే బేగంబజారు పోవాలి. పోయి వచ్చేసరికి చీకటి పడుతుంది. బండ మీద పడే నీళ్లు ఆగిపోయాయి. కాసేపటికి ఆ పక్కన ఉన్న చేపలు కూడా మళ్లీ పైకి రావడం మొదలైంది.

పొద్దుటి నుంచి నాయనమ్మతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె ఒంటరిగా అవతలి మూల నీళ్లలో నిలబడి కొమ్మతో కొడుతూనే ఉంది. నాయిన ఇప్పుడు ఆమెకు వినబడేటట్టే అన్నాడు, ఇక చాలు, చేతులారా చంపుకున్నాం, మూట తెస్తానని. నాయనమ్మ కొమ్మ నీళ్లలో వదిలేసింది. తడిచీరతోనే ఇంట్లోకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ముందురోజు గంజి పెట్టిన పడుగు ఉంది. మగ్గానికి ఎక్కించడానికి చుట్టి ఉంచినది, పసిపిల్లను మోసినట్టు రెండు చేతులా మోసుకొచ్చింది.

ఏం చేయబోతున్నదో మా వాళ్లకు అర్థమైంది. పడుగులో ప్రతి పోగూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. మడిచి పేనితే ముడి లేని మోకు అవుతుంది.

నాయిన ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. "గది పడుగమ్మా."

"నాకెరుకలేదా. గంజి పెట్టింది నేనే. ఆ కొస పట్టు."

నాయిన పట్టలేదు. ఇది పోతే బట్ట లేదు, బట్ట లేకపోతే మళ్లీ నూలు లేదు, మగ్గం ఇంతటితో ఆగినట్టేనని అన్నాడు. అదంతా ఆమెకు తెలియనిది కాదు. కొస చాచి అలాగే నిలబడింది. మామ గాని, తాత గాని కలగజేసుకోలేదు. అది మా ఇంటి నూలు. చివరికి అమ్మ ముందుకు వచ్చి కొస అందుకోబోయింది. అప్పుడు నాయిన ఆమెను పక్కకు జరిపి తానే పట్టుకున్నాడు.

వీధిలో గుంజలకు కట్టి, మూడు పేటలు చేసి, కర్రలు దూర్చి మెలిపెట్టారు. తల్లీకొడుకులు ఇటొకరు అటొకరు. నేత చేతులకు పేనడం చెప్పాల్సిన పని లేదు. వాడకట్టువాళ్లు అరుగుల మీదికి వచ్చి చూశారు. తెల్లటి కొత్త నూలు బిగుసుకుంటూ కిర్రుమంది. తాత దాన్ని గిలక మీద వేసి, ఎడ్లను మెల్లగా నడిపించాడు. మోకు సాగింది, బిగిసింది, సంచి పైకి వచ్చింది. తడిసిన నూలులోంచి గంజి వాసన గుప్పుమంది.

ఆ రాత్రి సంగతి నేను రాయలేను. గట్టు మీదే నిద్రపోయానట. మోట ఆగలేదని, ఎడ్లు అలసిపోతే నాయినా మామా కాడి పట్టి తామే లాగారని అమ్మ చెప్పింది.

ఆ తర్వాత మా ఇంట్లో మగ్గం మళ్లీ ఆడలేదు. గుంత పూడ్చి అక్కడ పొయ్యి పెట్టారు. కుంట మాత్రం నేను పెళ్లయి పోయేదాకా, ఆ పైన కూడా మా వాడలో ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. చేపపిల్లల కోసం పలచటి గుడ్డ మాత్రం మగ్గం మిగిలిన ఇళ్లలో నేసి ఇచ్చేవారు. మగ్గాలు ఆడక చేపల మీద బతికిన నేతవాళ్లు అంటే ఈ రోజు ఎవరూ నమ్మరు. దేవిడీ అమ్ముడుపోయింది. కుంటలో మొదట చెత్త, తర్వాత మొరం, తర్వాత పునాదులు పడ్డాయి. నాయిన, మామ, తాత ఒకరి తర్వాత ఒకరు పోయారు. నాయనమ్మ వీళ్లందరికన్నా ముందే పోయింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను రాయాల్సింది మరునాటి ఉదయం.

మరునాడు మృగశిర. కళ్లు తెరిచేసరికి గాలి వీస్తోంది. గట్టు మీద పసుపు, కుంకుమ పెట్టి, మామ భార్య కల్లు శాక పోస్తున్నది. నీటి మీద వెల్లకిలా పడ్డ బొచ్చెలు తెల్లగా ఉన్నాయి, చాలానే ఉన్నాయి. తెరిచిన నోళ్లు మాత్రం ఎక్కడా లేవు. కింద ఏమైనా ఉన్నాయో లేదో పైనుంచి చెప్పలేం. మామ దండం పెట్టుకుని వల నీళ్లలోకి దింపాడు. నాయిన మరో కొస పట్టాడు. ఇద్దరూ లాగారు. వల గట్టు దగ్గరికి వస్తుండగా నీళ్లు ఒక్కసారి చిట్లాయి. రవ్వలు ఎగిరి మామ మొహం మీద కొట్టాయి. సగం పోయాయి, సగం నిలిచాయని మామ అన్నాడు.

పంజగుట్ట నుంచి, బేగంపేట నుంచి కొనేవాళ్లు అప్పటికే సంచులతో గట్టెక్కుతున్నారు. వాళ్ల మధ్యలోంచి నెత్తిన మూటలతో షోలాపూర్ పోయే మావాళ్లు వచ్చి నిలబడ్డారు. నాంపల్లిలో బండి టైమయిందన్నారు. సగం చేపలతో సంసారం నడుస్తుందా, రమ్మన్నారు. నాయనమ్మ బావి దగ్గర కూర్చుని ఉంది. రాత్రంతా నాని, మసిబారి, పీచులు లేచిన ఆ మోకును ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నది. ఇటు చూడలేదు, కానీ ఆమె చేతులు ఆగిపోయాయి.

నాయిన వల కొస వదలకుండానే వాళ్ల వైపు తిరిగాడు.

"మీరు పోండి. మా అమ్మ పడుగును మోకు పేనింది నన్ను బండెక్కియ్యనీకె గాదు."

వాళ్లు ఇంకేదో అనబోయారు. ఆయన అప్పటికే నీళ్ల వైపు తిరిగి, నా కోసం చూస్తున్నాడు.

"గంప తే బిడ్డా, జారిపోతున్నయి."